రిపోర్టులో ‘ఎడిమా’ అని రాశారా? వాపును చదవడం, నొక్కి చూడడం, డాక్టరుకు చెప్పడం ఎలా

‘నాన్నగారి డిశ్చార్జ్ సమ్మరీలో బైలేటరల్ పెడల్ ఎడిమా అని ఉంది, ఇదేం జబ్బు?’ ‘స్కానింగులో జీబీ వాల్ ఎడిమా అన్నారు, ఆపరేషన్ తప్పదా?’ ‘చీటీ మీద పి.ఇ. ప్లస్ ప్లస్ అని గీశారు, ఎవరినడిగినా చెప్పడం లేదు.’ ఈ మూడు ప్రశ్నలూ ఏదో ఒక రూపంలో వస్తూనే ఉంటాయి. మొదటి రెండింటిలో ఉన్నది ఒకే మాట, ఎడిమా. మూడోదీ అదే కావచ్చు. ఎడిమా అన్నది జబ్బు పేరు కాదు. కణాల మధ్య ఖాళీల్లోకి నీరు చేరి ఆ చోటు ఉబ్బిందని చెప్పే గుర్తు. మనం ‘నీరు పట్టింది’, ‘కాళ్లకు నీరు దిగింది’ అంటామే, అదే. నీరు ఎందుకు చేరిందో ఆ మాట చెప్పదు, దాన్ని వెతకాలి. వెతికేది డాక్టరే అయినా, ఆయనకు కావలసిన సగం సమాచారం మీ ఇంట్లోనే దొరుకుతుంది.

ముందు ఇది చూడండి

కింద చెప్పినవాటిలో ఏది కనిపించినా టేపులూ కొలతలూ పక్కన పెట్టి 108కి ఫోన్ చేయండి, లేదా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి.

- కాళ్ల వాపుతో పాటు ఆయాసం, వెల్లకిలా పడుకోలేక లేచి కూర్చోవడం, దగ్గితే గులాబీ రంగు నురగ పడడం.
- ఒక్క కాలే వాచి, ఉన్నట్టుండి ఆయాసం గానీ ఛాతీలో నొప్పి గానీ రావడం.
- పెదవులు, నాలుక, గొంతు ఉబ్బడం. పేరు చివర ‘ప్రిల్’ అని ఉండే బీపీ మాత్రలు, అంటే రామిప్రిల్, ఎనలాప్రిల్ లాంటివి వాడేవాళ్లకు ఎన్నో నెలలు బాగానే ఉండి కూడా ఇలా రావచ్చు.
- 20 వారాలు దాటిన గర్భిణికి ముఖం, చేతులు ఉబ్బి తలనొప్పి, కళ్ల ముందు మెరుపులు, కుడి పక్కటెముకల కింద నొప్పి రావడం. ఇవేవీ లేకపోయినా బీపీ 140/90 గానీ ఆపైన గానీ ఉంటే ఆ రోజే ఆసుపత్రిలో చూపించాలి, మరుసటి చెకప్ దాకా ఆగకూడదు.
- షుగర్ ఉన్నవాళ్లకు పాదం వాచి, ఎర్రబడి, వేడిగా ఉండడం. నొప్పి లేదని ఊరుకోవద్దు. స్పర్శ తగ్గిన పాదంలో నొప్పి తెలియదు.

కావలసినవి

దర్జీలు వాడే మెత్తటి టేపు, ఎలక్ట్రానిక్ బరువు యంత్రం, బాల్‌పెన్ను, సెకన్లు చూడడానికి ఫోను, ఒక నోటుబుక్కు. పాత రిపోర్టులన్నీ. వీటన్నిటికన్నా ముఖ్యం, వాడుతున్న మాత్రల స్ట్రిప్పులు. వాటిని కత్తిరించి పడేయకండి. వెనక అట్ట మీద మందు పేరు కనిపించేలా ఉంచండి.

1. రిపోర్టులో ఆ మాట ఎక్కడుందో, దాని ముందు ఏముందో చూడండి

స్పెల్లింగు రెండు రకాలుగా కనిపిస్తుంది. అమెరికా పద్ధతిలో ‘ఇ’తో, బ్రిటిష్ పద్ధతిలో ముందు ‘ఓ’ చేర్చి. మాట ఒకటే. ఇడీమా, ఎడెమా, ఒడీమా అని ఎవరు ఎలా పలికినా కంగారుపడక్కర్లేదు.

అసలు సంగతి దాని ముందున్న మాటలో ఉంటుంది. పెడల్ అంటే పాదాలు, పెరిఆర్బిటల్ అంటే కళ్ల చుట్టూ, సేక్రల్ అంటే నడుము కింద పిరుదుల పైభాగం, మాక్యులర్ అంటే కంటి రెటీనా మధ్యభాగం, సెరిబ్రల్ అంటే మెదడు, పల్మనరీ అంటే ఊపిరితిత్తులు. చివరి రెండూ ప్రాణం మీదికి తెచ్చేవి. ఎమ్మారైలో ‘మారో ఎడిమా’ అని ఉంటే ఎముక లోపలి మజ్జలో నీరు అని. మోకాలికి దెబ్బ తగిలినప్పుడు తరచూ కనిపిస్తుంది, పైకి వాపు ఉండకపోవచ్చు. ‘అనసార్కా’ అంటే ఒళ్లంతా నీరు పట్టిందని.

చేత్తో రాసిన కేసు షీటులో పూర్తి మాట ఉండదు. పి, ఐ, సి, సి, ఎల్, ఇ అని వరసగా అక్షరాలు రాసి పక్కన ప్లస్సో మైనస్సో పెడతారు. పాలిపోవడం, కామెర్లు, నీలంగా మారడం, వేళ్ల చివర్లు ఉబ్బడం, గ్రంథులు పెరగడం, ఆఖరున ఎడిమా. ఆఖరి ‘ఇ’ పక్కన మైనస్ ఉంటే నీరు లేదని. ‘బి/ఎల్’ అంటే బైలేటరల్, రెండు వైపులా అని.

అందరూ బోల్తా పడేది ‘పి.ఇ.’ దగ్గర. అది పెడల్ ఎడిమా కావచ్చు, ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరే ప్లూరల్ ఎఫ్యూజన్ కావచ్చు, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డ అడ్డుపడే పల్మనరీ ఎంబాలిజమ్ కావచ్చు, మధ్యలో గీత ఉంటే ఉత్తి ‘పరీక్షలో కనిపించినది’ అనీ కావచ్చు. ఊహించి గూగుల్ చేస్తే రాత్రి నిద్ర ఉండదు. రాసినవాళ్లనో, వార్డు నర్సునో అడగండి.

ఇక జీబీ వాల్ ఎడిమా. జీబీ అంటే పిత్తాశయం. దాని గోడ మామూలుగా 3 మి.మీ. లోపు ఉంటుంది. హైదరాబాదులో వానాకాలం మొదలై డెంగీ పెరిగే రోజుల్లో ఈ మాట స్కానింగు రిపోర్టుల్లో కుప్పలుగా కనిపిస్తుంది. డెంగీలో రక్తనాళాల నుంచి ప్లాస్మా, అంటే రక్తంలోని ద్రవభాగం, బయటికి కారుతుంది, పిత్తాశయం గోడ కూడా దాంతో ఉబ్బుతుంది. జ్వరం దిగి మనిషి కోలుకున్నాక చాలామందిలో అదే సర్దుకుంటుంది. డెంగీతో వచ్చిన ఈ వాపు ఒక్కదానికే పిత్తాశయం తీయించుకోవాల్సిన పని లేదు. అలాగని కొట్టిపారేసేదీ కాదు. పొట్టలోనో ఊపిరితిత్తుల చుట్టూనో కూడా నీరు కనిపించిందంటే ప్లాస్మా కారుతోందన్నమాట. ప్లేట్‌లెట్ల సంఖ్యొక్కటే చూసుకోకుండా బీపీ, మూత్రం, రక్తం చిక్కదనం చెప్పే హెమటోక్రిట్ మీద కన్నేసి ఉంచాల్సిన సమయం అదే.

2. అది ఎడిమాయేనా, ఇంకేదైనా ‘వాపా’ తేల్చుకోండి

తెలుగులో అన్నిటికీ వాపే. ‘లివర్ వాచింది’ అన్న ఒక్క ముక్క కింద మూడు నాలుగు వేరువేరు సంగతులు ఉంటాయి. రిపోర్టులో మాట చివర చూడండి. ‘ఐటిస్’ అని ముగిస్తే మంట, రోగక్రిములో రోగనిరోధక శక్తో కారణమై వచ్చే వాపు. హెపటైటిస్, ఆర్థ్రైటిస్ ఆ కోవలోవే. ‘మెగాలీ’ అని ముగిస్తే ఆ అవయవం సైజు పెరిగిందని. ‘ఎఫ్యూజన్’ అంటే కీలు లోపలో, ఊపిరితిత్తి చుట్టూ ఉండే పొరల మధ్యో నీరు. ‘అసైటిస్’ దగ్గర మోసపోవద్దు. చివర అలా వినిపిస్తుంది గానీ ఐటిస్ కాదు, పొట్టలో నీరు. ‘బల్కీ’ అంటే కాస్త పెద్దదిగా ఉందని, గర్భసంచి గురించి ఎక్కువగా రాస్తారు. ‘డిస్క్ బల్జ్’కి వాపుతో సంబంధమే లేదు, వెన్నెముక డిస్కు పక్కకు ఉబికిందని అర్థం. దానికి వాపు మాత్రలు అడిగి తెచ్చుకునేవాళ్లు ఇంకా ఉన్నారు.

పొట్ట విషయంలో ఒక చిన్న పరీక్ష. గ్యాసు ఉబ్బరమైతే గంటల్లో పెరిగి గంటల్లో తగ్గుతుంది. నీరైతే రోజురోజుకీ పెరుగుతుందే తప్ప తగ్గదు, బొడ్డు బయటికి వస్తుంది, ప్యాంటు బెల్టు రంధ్రం మారుతూ పోతుంది. రోజూ పొద్దున బొడ్డు మీదుగా టేపుతో కొలిచి రాస్తే వారంలో తేలిపోతుంది.

3. నొక్కి చూడండి

ఇది డాక్టర్లు చేసేదే. సరిగ్గా చేస్తే ఇంట్లోనూ పనికొస్తుంది.

మనిషిని మంచం మీద కాళ్లు చాపి కూర్చోబెట్టండి. ఎముక చర్మానికి దగ్గరగా ఉన్న చోటే ఎంచుకోండి. మూడు చోట్లు చాలు: పాదం పైభాగం, లోపలి చీలమండ వెనక, మోకాలికీ చీలమండకీ మధ్య ముందువైపు ఎముక. బొటనవేలి మెత్తటి భాగంతో ఒకే ఒత్తిడితో, గోరు తగలకుండా, కనీసం 5 సెకన్లు నొక్కి ఉంచండి. 10 సెకన్లైతే ఇంకా మంచిది. వేలు తీసి ముందు కంటితో చూడండి, తర్వాత వేలి కొసతో మెల్లగా తడమండి. లోతు తక్కువ గుంట కంటికి కనపడదు గానీ వేలికి తగులుతుంది. నీరున్న కాలిలో, తడిపి పెట్టిన చపాతీ పిండిలో వేలు దించినట్టు గుంట నిలుస్తుంది. వేలు తీసిన క్షణం నుంచి అది పూడేదాకా ఫోనులో సెకన్లు లెక్కపెట్టండి.

ఎక్కువగా వాడే లెక్క ఇది:

- ఒక ప్లస్: 2 మి.మీ. లోతు, వెంటనే పూడుతుంది.
- రెండు: 3–4 మి.మీ., 15 సెకన్ల లోపు.
- మూడు: 5–6 మి.మీ., నిమిషం దాకా పట్టొచ్చు.
- నాలుగు: 8 మి.మీ., 2–3 నిమిషాలైనా గుంట ఉంటుంది.

కొందరు డాక్టర్లు లోతును బట్టి కాక ఎత్తును బట్టి ప్లస్‌లు వేస్తారు, చీలమండ వరకైతే ఒకటి, మోకాలి దాకా వస్తే రెండు, అలా. అందుకే ఒక ఆసుపత్రిలో రెండు ప్లస్, మరో చోట మూడు ప్లస్ అన్నంత మాత్రాన వాపు పెరిగిందనుకోవద్దు. మీ నోటుబుక్కులో మాత్రం లోతు, సెకన్లు, ఎక్కడిదాకా ఉంది అన్న మూడూ రాయండి.

తప్పులు జరిగేది ఇక్కడే. పిక్క కండ మీద నొక్కితే ఏమీ తెలియదు, ఎముక మీదే నొక్కాలి. ఒక్క సెకను నొక్కి ‘గుంట పడలేదు’ అనేయడం మరో పొరపాటు. సాక్సు గీతను చూసి బెదిరిపోవడం ఇంకోటి. బిగుతు ఎలాస్టిక్ సాయంత్రానికి ఎవరి కాలి మీదైనా గీత వేస్తుంది. ఒకరోజు పొద్దున, ఒకరోజు రాత్రి నొక్కి పోల్చడం కూడా పనికిరాదు. రోజంతా నిలబడితే మంచి కాళ్లలోకి కూడా కాస్త నీరు దిగుతుంది. రోజూ ఒకే వేళకు, వీలైతే పొద్దున మంచం దిగక ముందూ రాత్రి పడుకునే ముందూ చూడండి.

మంచాన ఉన్నవాళ్ల కాళ్లలో వాపు కనపడక ‘నీరు తగ్గింది’ అని సంబరపడతారు. నీరు ఎప్పుడూ పల్లానికే చేరుతుంది. వాళ్లను పక్కకు తిప్పి, నడుము కింద త్రికాస్థి మీద నొక్కి చూడాలి. పుండ్లు పడేదీ అక్కడే కాబట్టి చర్మం రంగు కూడా చూడండి.

గుంట పడకపోతే? వాపు ఉంది, గట్టిగా ఉంది, ఎంత నొక్కినా గుంట లేదు. అప్పుడు కాలి రెండో వేలి మొదట్లో పైచర్మాన్ని రెండు వేళ్లతో పట్టి మడతలా ఎత్తి చూడండి. ఎత్తడానికి రాకపోతే అది లింఫ్ నాళాలకు సంబంధించిన వాపు కావచ్చు. మన దగ్గర బోదకాలు ఇందులోకే వస్తుంది. మొదట్లో బోదకాలుకూ గుంట పడుతుంది, ముదిరాకే గట్టిపడుతుంది. కాబట్టి గుంట పడింది గనక బోదకాలు కాదని తీర్మానించొద్దు. థైరాయిడ్ బాగా తగ్గినా గుంట పడని వాపు వస్తుంది. తొడల నుంచి చీలమండల దాకా లావై, పాదాలు మాత్రం మామూలుగా ఉంటే అది నీరు కాకుండా కొవ్వుకు సంబంధించిన లిపెడిమా కావచ్చు. ఇది ఆడవాళ్లలోనే ఎక్కువ.

4. ఒక కాలా, రెండు కాళ్లా?

రెండు కాళ్లూ సమానంగా వాస్తే గుండె, కిడ్నీ, లివర్, రక్తంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ తగ్గడం, థైరాయిడ్, మందులు. ఒక్క కాలే వాస్తే ఆ కాలిలోనే ఏదో ఉంది: సిరలో గడ్డకట్టిన రక్తం, ఇన్‌ఫెక్షన్, దెబ్బ, మోకాలి వెనక నీటిబుడగ.

మోకాలిచిప్ప కింద ముందువైపు చేతికి తగిలే ఎముక బుడిపె ఉంటుంది. అక్కడి నుంచి కిందికి 10 సెం.మీ. కొలిచి పెన్నుతో గీత పెట్టండి. రెండు కాళ్లకూ. ఆ గీత మీదుగా పిక్క చుట్టుకొలత తీయండి. టేపు చర్మానికి ఆనాలి, లోపలికి దిగకూడదు. తేడా 3 సెం.మీ. దాటితే, పైగా పిక్కలో నొప్పి ఉంటే, సిరలో గడ్డ ఉందేమో చూసే వీనస్ డాప్లర్ స్కాన్ ఆ రోజే చేయించాలి. ఈమధ్య ఆపరేషనో కాలికి కట్టో అయినవాళ్లు, కొత్తగా కాన్పయినవాళ్లు, క్యాన్సర్ చికిత్సలో ఉన్నవాళ్లు, రాత్రంతా కాళ్లు వేలాడేసుకుని బస్సులో తిరుపతో బెంగళూరో వెళ్లొచ్చినవాళ్లు తేడా తక్కువున్నా తేలిగ్గా తీసుకోవద్దు. ప్రయాణం వల్ల రెండు పాదాలూ వాస్తే మర్నాటికల్లా దిగిపోతుంది. ఒకటే వాచి దిగకపోతే అది ప్రయాణ బడలిక కాదు.

ఒక్క హెచ్చరిక. ఒకే కాలు వాచినప్పుడు నూనె రాసి మర్దన చేయడం, ‘నరం పట్టింది’ అని లాగించడం వద్దు. సిరలో గడ్డ ఉంటే కదిలి ఊపిరితిత్తులకు పోవచ్చు.

5. బరువు రాయండి

గుంట కనిపించేసరికే ఒంట్లో రెండున్నర, మూడు లీటర్ల నీరు అదనంగా చేరి ఉండొచ్చు. బరువు యంత్రం దాన్ని అంతకన్నా ముందే పట్టేస్తుంది, లీటరు నీటికి కిలో చొప్పున. వాపును చూసి బలుపనుకునే సామెత ఊరికే పుట్టలేదు. ‘కాస్త ఒళ్లు చేశారు’ అనిపించిన పెద్దాయనలో పెరిగింది నీరే కావచ్చు.

పొద్దున మూత్రానికి వెళ్లొచ్చాక, టీ తాగక ముందు, ఇంచుమించు ఒకేలాంటి బట్టల్లో, గట్టి నేల మీద పెట్టిన అదే యంత్రం మీద చూడాలి. తివాచీ మీద పెడితే అంకె మారుతుంది. గుండె జబ్బు ఉన్నవాళ్లు 3 రోజుల్లో 2 కిలోలకు మించి పెరిగితే మరుసటి అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా డాక్టరుకు చెప్పాలి.

6. మాత్రల అట్టలు తిప్పి చూడండి

రెండు పాదాల వాపుకు అన్నిటికన్నా సులువుగా దొరికే కారణం ఇదే. అన్నిటికన్నా ఆలస్యంగా అడిగేదీ ఇదే.

అమ్లోడిపిన్: బీపీకి అందరికీ రాసే మాత్ర. 5 మి.గ్రా. దగ్గర ఏమీ లేనివాళ్లకు కూడా 10కి పెంచాక చీలమండలు వాయొచ్చు. ఇందులో ఒంట్లో నీరు ఎక్కువ కావడం కన్నా సన్నని రక్తనాళాల్లో ఒత్తిడి పెరిగి నీరు బయటికి ఊరడమే ప్రధానం. అందుకే మూత్రం ఎక్కువ వచ్చే మాత్ర వేసినా పెద్దగా తగ్గదు. డాక్టరు మోతాదు తగ్గిస్తారు, లేదా సిల్నిడిపిన్ లాంటిదానికి మారుస్తారు, లేదా టెల్మిసార్టాన్ జత చేస్తారు. మీరే మాత్ర ఆపేస్తే మాత్రం వాపు తగ్గే లోపు బీపీ పెరిగి కూర్చుంటుంది.

పయోగ్లిటజోన్: షుగర్ మాత్ర. రెండు మూడు మందులు కలిపిన మాత్రల్లో దాక్కుని ఉంటుంది, ముందువైపు పేరు చూస్తే తెలియదు. గుండె బలహీనంగా ఉన్నవాళ్లకు ఇది పడదు. గబపెంటిన్, ప్రెగబాలిన్: అరికాళ్ల మంటలకు, నరాల నొప్పులకు ఇచ్చేవి. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్: నొప్పి మాత్రలు ఒంట్లో ఉప్పునూ నీటినీ పట్టి ఉంచుతాయి, కిడ్నీల మీదా భారం వేస్తాయి. స్టెరాయిడ్లు సరేసరి. మోకాళ్ల నొప్పులకు ఎవరో ఇచ్చిన, పేరు లేని పొడులు, ఉండలు వాడుతుంటే అవీ తీసుకెళ్లి చూపించండి. వాటిలో స్టెరాయిడ్ కలిపి ఉండే ప్రమాదం ఉంది, హఠాత్తుగా ఆపడమూ ప్రమాదమే.

ప్రతి మందు ఎదురుగా మొదలుపెట్టిన తేదీ, మోతాదు మార్చిన తేదీ రాయండి. వాపు తేదీ పక్కన అది పెడితే కారణం చాలాసార్లు దానంతట అదే బయటపడుతుంది.

7. డాక్టరుకు చెప్పే మాట కూర్చుకోండి

‘కాళ్లు వాసినయి సార్’ అంటే డాక్టరు మరో ఆరు ప్రశ్నలు అడగాలి. మనకు కాలంటే తొడ నుంచి వేలి కొస దాకా. ఆయనకు పాదమా, చీలమండా, పిక్కా కావాలి. ఒకే ఊపులో ఇలా చెప్పండి:

‘డాక్టరుగారూ, 15 రోజులుగా రెండు పాదాలూ చీలమండల దాకా వాస్తున్నాయి. పొద్దున తగ్గి సాయంత్రానికి పెరుగుతుంది. నొక్కితే గుంట పడి 20 సెకన్లకు పూడుతోంది. వారంలో కిలోన్నర పెరిగాను. నెల కిందట బీపీ మాత్ర 5 నుంచి 10 చేశారు. ఆయాసం లేదు, పడుకుంటే ఊపిరి ఆడక రెండు దిండ్లు పెట్టుకోవాల్సిన పని లేదు, మూత్రంలో నురగ లేదు.’

లేనివి చెప్పడం కూడా ముఖ్యమే, చివరి వాక్యం వదలొద్దు.

తెలుగు రాని డాక్టరైతే హైదరాబాదులో హిందీ ఎలాగూ నడుస్తుంది. ‘దోనో పైరోఁ మేఁ సూజన్ హై, శామ్ కో బఢ్‌తీ హై, దబానే సే గడ్ఢా పడ్‌తా హై’ అంటే చాలు. పాతబస్తీలో వాపుకు ‘వరమ్’ అన్న మాటా వినిపిస్తుంది. ఇంగ్లిషులో చెప్పాల్సి వస్తే ‘స్వెల్లింగ్ ఇన్ బోత్ ఫీట్, ఫర్ ఫిఫ్టీన్ డేస్’. మీరు ‘ఎడిమా’ అని చెప్పనక్కర్లేదు. పైగా ఆ మాట వాడితే ఇదివరకే ఎవరో పరీక్షించి తేల్చారని ఆయన అనుకోవచ్చు.

ఆసుపత్రిలో చేరి ఇన్సూరెన్స్ క్లెయిమ్ పెట్టేవాళ్లకు ఒక మాట. డిశ్చార్జ్ సమ్మరీలో తుది నిర్ధారణ దగ్గర ఉత్తి ‘పెడల్ ఎడిమా, ఎవాల్యుయేషన్ కోసం’ అని ఉంటే, కేవలం పరీక్షల కోసం చేరారని కంపెనీ తిప్పి పంపే వీలుంది. ఆరోగ్య బీమా పాలసీల్లో ఆ మినహాయింపు మామూలుగా ఉండేదే. కారణం తేలి ఉంటే ఆ జబ్బు పేరు, ఇచ్చిన చికిత్స సమ్మరీలో ఉన్నాయో లేదో బిల్లు కట్టక ముందే చదువుకోండి.

8. పరీక్షలు

మొదటి విడతకు పెద్ద ఖర్చు అక్కర్లేదు. మూత్ర పరీక్ష, కిడ్నీలకు క్రియాటినిన్, లివర్ పరీక్షల్లో భాగంగా ఆల్బుమిన్, హిమోగ్లోబిన్, థైరాయిడ్‌కు టీఎస్‌హెచ్, ఒక ఈసీజీ. హైదరాబాదులో అయితే రక్త, మూత్ర పరీక్షలు చాలావరకు మీ దగ్గరి బస్తీ దవాఖానాలో, అంటే ప్రభుత్వ చిన్న ఆసుపత్రిలో, డాక్టరు రాస్తే ఉచితంగానే అవుతాయి. నమూనా అక్కడ తీసుకుని తెలంగాణ డయాగ్నస్టిక్స్ ల్యాబుకు పంపుతారు. వాటిలో ఏదైనా తేడా వస్తే, లేదా ఆయాసం ఉంటే, అప్పుడు టూడీ ఎకో అనే గుండె స్కానింగు, పొట్ట స్కానింగు.

మూత్రంలో ప్రొటీన్ ప్లస్‌లు, రక్తంలో ఆల్బుమిన్ తక్కువ రెండూ కలిసి వస్తే కిడ్నీ నుంచి ప్రొటీన్ పోతోందన్నమాట. ఆల్బుమిన్ మామూలుగా 100 మి.లీ.కు 3.5 నుంచి 5 గ్రాముల మధ్య ఉండాలి.

పిల్లల విషయంలో ఇది మరీ తరచుగా తప్పిపోతుంది. పొద్దున లేవగానే కళ్ల చుట్టూ ఉబ్బు, మధ్యాహ్నానికి తగ్గుతుంది. అలర్జీ అని చుక్కల మందు వేస్తూ వారాలు గడిపేస్తారు. కళ్లు ఎర్రబడకుండా, దురద లేకుండా ఉబ్బుతున్నాయా? సాయంత్రానికి పాదాలు, పొట్ట ఉబ్బుతున్నాయా? మూత్రం పోశాక నురగ నిమిషాల తరబడి అలాగే ఉంటోందా? అయితే అలర్జీ మందు ఆపి ముందు మూత్రంలో ప్రొటీన్ పరీక్ష చేయించండి.

9. కారణం తేలే లోపు ఇంట్లో చేయదగినవి

కాళ్లు ఎత్తి పెట్టడం: గుండె కన్నా ఎత్తులో ఉండేలా దిండ్లు పేర్చి, 15–20 నిమిషాలు, రోజుకు మూడు నాలుగు సార్లు. ముందు పీట వేసుకుని కాళ్లు చాపడం దీని కిందికి రాదు. పడుకుంటే ఆయాసం వచ్చేవాళ్లు, కాళ్ల ధమనుల్లో అడ్డు ఉన్నవాళ్లు ఇది చేయకూడదు.

ఉప్పు: ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది మనిషికి రోజుకు 5 గ్రాముల లోపు. ఇంటి లెక్క ఇలా వేయండి. నలుగురున్న ఇంట్లో నెలకు 600 గ్రాములు. కిలో ప్యాకెట్ నెలలో అయిపోతుంటే తలా 8 గ్రాములు దాటినట్టే, ఆవకాయ, అప్పడాలు, ఊరమిరపకాయలు, బయటి నుంచి తెచ్చిన మిర్చి బజ్జీ లెక్కలోకి రాకుండానే. సైంధవ లవణమూ ఉప్పే. ‘లో సోడియం’ ఉప్పులో పొటాషియం ఉంటుంది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, టెల్మిసార్టాన్ లేదా స్పైరనోలాక్టోన్ వాడేవాళ్లు డాక్టరును అడగకుండా దాని జోలికి వెళ్లొద్దు.

బార్లీ నీళ్లు: తాగొచ్చు, అద్భుతాలేమీ ఆశించొద్దు. రోజుకు ఇన్ని నీళ్లే తాగాలని డాక్టరు చెప్పినవాళ్లకు బార్లీ నీళ్లు కూడా ఆ లెక్కలోవే.

బిగుతు సాక్సులు: మెడికల్ షాపులో సైజు అడిగితే చెప్పినదల్లా కొనొద్దు. పొద్దున మంచం దిగక ముందు చీలమండ, పిక్క చుట్టుకొలతలు తీసి, డబ్బా మీది పట్టికతో సరిచూడాలి. సాయంత్రం వాపు మీద కొలిస్తే పొద్దున వదులుగా జారుతాయి. పైఅంచు మడిస్తే అక్కడ తాడు కట్టినట్టే. కాలి నాడి సరిగా అందనివాళ్లు, కొద్ది దూరం నడిస్తే పిక్కలు పట్టేసేవాళ్లు, గుండె జబ్బు అదుపులో లేనివాళ్లు డాక్టరు చూడకుండా వేసుకోకూడదు.

వేడి ఉప్పునీళ్లలో కాళ్లు పెట్టడం షుగర్ ఉన్నవాళ్లకు వద్దు, బొబ్బలెక్కినా తెలియదు. లాసిక్స్ లాంటి, మూత్రం ఎక్కువ వచ్చేలా చేసే ‘నీళ్ల మాత్ర’ పక్కింటివాళ్లకు పనిచేసిందని వేసుకోవద్దు. రక్తంలో పొటాషియం, సోడియం పడిపోయి కళ్లు తిరిగి పడిపోయేది, గుండె లయ తప్పేది దానివల్లే.

10. తగ్గుతోందో లేదో ఎలా తెలుస్తుంది

చికిత్స మొదలయ్యాక చూపుకు తగ్గినట్టు అనిపించడం చాలదు. నోటుబుక్కులో ఒక్కో రోజుకు ఒక్కో వరస: తేదీ, పొద్దుటి బరువు, రెండు పిక్కల కొలత, గుంట లోతు, పూడిన సెకన్లు, ఎక్కడిదాకా. ఒకే మనిషి నొక్కాలి, కొడుకొకరోజు కోడలొకరోజు నొక్కితే ఒత్తిడి మారుతుంది. నీటి మాత్రలతో బరువు తగ్గుతూ, గుంట మోకాలి దగ్గర పోయి చీలమండ దగ్గర మిగిలితే సరైన దారిలో ఉన్నట్టు. అమ్లోడిపిన్ మార్చినవాళ్లకు బరువు పెద్దగా మారదు, వాపు దిగడానికి రోజుల నుంచి రెండు మూడు వారాలు పడుతుంది. బరువు తగ్గుతూ తలతిరుగుడు, కాళ్ల పిక్కలు పట్టేయడం, మూత్రం బాగా తగ్గడం మొదలైతే నీరు అవసరానికి మించి లాగేసిందేమో. మరుసటి మోతాదు వేసే ముందు డాక్టరుకు ఫోన్ చేయండి. వాపు తగ్గింది గానీ బరువు పెరుగుతోందంటే నడుము కింద నొక్కి చూడండి, పొట్ట చుట్టుకొలత మరోసారి తీయండి.